ఏడుపు సీన్ రాసే అమ్మాయికి

అమ్మాయీ,

నువ్వు పంపిన సీరియల్ ఎపిసోడ్ రెండుసార్లు చదివాను. డైలాగు బాగా రాస్తావు, అందులో అనుమానం లేదు. కానీ ఛానల్ వాళ్లు "ఎమోషన్ సరిపోలేదు" అన్నారని ఇంకో రెండు పేజీల ఏడుపు కలిపి పంపావట చూడు, అది చదివాక మాత్రం నాకు ఒళ్లు మండింది. తెరమీద మనిషి ఎంత ఏడిస్తే ఇంట్లో కూర్చుని చూసే మనిషికి ఏడవాల్సిన అవసరం అంత తగ్గిపోతుంది తల్లీ. నీ హీరోయిన్ మూడు సీన్లలో ఏడ్చింది, ఒక్కచోట కూడా నా గొంతు పట్టుకోలేదు.

ముందు మనకున్న జాగా ఎంతో చూసుకో. అరగంట స్లాటులో యాడ్స్ పోగా మిగిలేది 20, 22 నిమిషాలు. అందులో నిన్నటి కథ కొంత, రేపటి ముక్క కొంత, మధ్యలో ఒక్కొక్కరి మొహం మీదికి వెళ్లే రియాక్షన్ షాట్లు సరేసరి. ఆ కాస్త జాగాలో భర్త అప్పు, ఆడపడుచు పెళ్లి, అత్త ఎత్తిపొడుపు, తండ్రి రావడం, అన్నీ కుక్కేశావు. ఒక ఎపిసోడ్‌కి ఒక్క బాధ చాలు. తండ్రి రాక ఉంచు, మిగతావి రేపటికో ఎల్లుండికో జరుపు. దూరదర్శన్ రోజుల్లో వారానికొకటి చొప్పున 13 వారాల్లో కథ ముగించమనేవాళ్లు, అప్పుడు తొందరపడ్డారంటే అర్థముంది. సోమవారం నుంచి శనివారం దాకా రోజూ మన కోసం టీవీ పెట్టే జనం ఉన్నప్పుడు నీకెందుకమ్మా ఆ కంగారు?

ఇప్పుడు ఆ తండ్రి సీను. నువ్వు రాసింది: ఆయన వస్తాడు, కూతురు ఆయన గుండెల మీద పడి తన కష్టమంతా చెప్పుకుని ఏడుస్తుంది, ఆయనా ఏడుస్తాడు, అత్త తలుపు చాటు నుంచి వింటుంది. ఇలాంటిది జనం వెయ్యిసార్లు చూసేశారు. దీన్నే ఇంకోలా చూద్దాం. సోమవారం ఎపిసోడ్‌లోనే ఒక లీడ్ వెయ్యి, అంటే ముందస్తు సూచన, తండ్రి అర ఎకరం అమ్మి ఈ పిల్లకి నాలుగు బంగారు గాజులు చేయించాడని. పెద్ద సీనేం అక్కర్లేదు, గాజులు తీసి భర్త చేతిలో పెడుతున్నప్పుడు ఆమె నోట్లో ఒక్క మాట వస్తే చాలు. భర్త వాటిని తాకట్టు పెడతాడు. ఇక గురువారం తండ్రి డబ్బా నిండా సున్నుండలు పట్టుకుని దిగుతాడు. కూతురు కాఫీ తెచ్చి ఇస్తుంది. కప్పు అందుకుంటుంటే ఆయన చూపు ఆమె చేతి మీద పడుతుంది, డజను మట్టిగాజులు. ఆమె కొంగు ముందుకి లాక్కుంటుంది. ఆయన "గాజులు కొత్తవా అమ్మా?" అంటాడు. "శ్రావణమాసం కదా నాన్నా, అత్తయ్యగారు వేయించారు." ఆయన కాఫీ ఒక గుక్క తాగి "బాగున్నాయి" అంటాడు.

అంతే. ఒక్క కన్నీటి బొట్టు లేదు. ఆ "బాగున్నాయి" దగ్గర ఆడపిల్లని కన్న తండ్రెవడూ టీవీ వంక నేరుగా చూడలేడు. ఎందుకంటే ఆయనకి తెలిసిపోయిందని మనకి తెలుసు, తెలిసిపోయిందని ఆ పిల్లకీ తెలుసు, అయినా ఆ ఇద్దరిలో ఎవరూ బయటపడరు. ఆ బయటపడకపోవడంలోనే ఉంది నువ్వు వెతుకుతున్న ఎమోషన్. అందుకే ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు డైలాగులు ఆలోచించకు, ఎవరికి ఏం తెలుసు, ఎవరికి ఏం తెలియదు అన్నది కాగితం మీద రాసుకో. ప్రేక్షకులకి అందరికంటే ముందు తెలియాలి.

కార్తీక దీపం సీరియల్ అంత కాలం, 2017 నుంచి 2023 దాకా, ఇంటింటా ఎందుకు ఆడిందనుకున్నావు? అందులో హీరో డాక్టర్ బాబు ముద్దు చేసే పాప ఆయన కూతురేనని మనకి తెలుసు, ఆయనకి తెలియదు. ఆ పిల్ల ఎదురైనప్పుడల్లా మామూలు పలకరింపు కూడా బరువెక్కేది. అయితే రహస్యాన్ని మరీ సాగదీస్తే ఏమవుతుందో కూడా అందులోనే చూశాం. "ఒక్క డీఎన్ఏ టెస్టు చేయించుకుంటే పోయేదానికి ఇంత కథా" అని జనం జోకులు మొదలుపెట్టారు. జాలి పడాల్సినవాళ్లు నవ్వడం మొదలుపెట్టాక ఆ ముడి విప్పేయడమే మంచిది. రేటింగ్ గురువారం వస్తుంది కానీ, విసుగు అంతకంటే ముందే వస్తుంది.

ఇంకో సంగతి, ఇది నీకెవరూ చెప్పరు. మన సీరియల్‌ని సగం మంది చూడరు, వింటారు. హాల్లో టీవీ నడుస్తుంటుంది, ఇంటావిడ వంటింట్లో పోపు పెడుతూనో చపాతీలు ఒత్తుతూనో చెవి ఇటు వేస్తుంది. అందుకని మాటల్లో కథ అర్థమయ్యేలా రాస్తాం, మంచిదే. కానీ అరవడాలు, వీణలు, ఉరుములు ఆవిడకి అలవాటైపోయాయి, వాటికి తల కూడా తిప్పదు. హఠాత్తుగా టీవీ నిశ్శబ్దమైపోతే మాత్రం గరిటె పట్టుకునే హాల్లోకి వచ్చేస్తుంది. గాజుల దగ్గర ఆర్ఆర్, అదే బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్, వద్దని సీన్ పేపర్ మీదే రాయి, కప్పు సాసర్‌లో పెట్టిన చప్పుడు ఒక్కటి వినపడితే చాలని రాయి. అలా రాయకపోతే ఎడిటింగ్‌లో ఎవరో ఒకరు ఫ్లూట్ కలిపేస్తారు, అలవాటు ప్రాణం.

ఏడుపు సీన్లో వాక్యాలు పొడుగ్గా రాయకు. మన హీరోయిన్లలో చాలామందిది కన్నడ, సెట్లో అసిస్టెంట్ ప్రాంప్టింగ్ ఇస్తుంటే విని చెప్తారు. నువ్వు నాలుగు లైన్ల వాక్యం రాస్తే ఆ అమ్మాయి ప్రాణమంతా చెవిలో ఉంటుంది, కళ్లలో ఇంకేం మిగులుతుంది? రెండు మూడు మాటల ముక్కలుగా రాస్తే ఆవిడకి చూడటానికి, మింగటానికి టైమ్ దొరుకుతుంది. తర్వాత డబ్బింగ్ చెప్పే ఆవిడకీ ఊపిరి తీసుకునే చోటు ఉంటుంది. గొంతు ఎక్కడ ఆగాలో బ్రాకెట్లో రాయి, సిగ్గుపడకు.

అత్త సంగతి. ఆవిడని తలుపు చాటున కళ్లు తిప్పుతూ నిలబెట్టడం దయచేసి మానేయ్. ఆ కాఫీ చక్కెర లేకుండా ఇమ్మని చెప్పింది ఆవిడే అని పెట్టు, వియ్యంకుడికి షుగరని గుర్తుపెట్టుకుని మరీ. ఆవిడ మర్యాదగా ఉన్నకొద్దీ తండ్రి నోరు విప్పలేడు, విప్పితే కూతురి కాపురం ఏమవుతుందోనని. చెడ్డది కాని మనిషి వల్ల కలిగే బాధకి ఎవర్ని తిట్టాలో తెలియదు, అందుకే అది చూసేవాళ్ల మనసులో ఎక్కువసేపు నిలుస్తుంది.

ఎండింగ్‌లో నువ్వు పెట్టిన గ్యాస్ సిలిండర్ ప్రమాదం తీసెయ్యి. ఏడుపు మీద టెన్షన్ అతికిస్తే రెండూ పోతాయి. తండ్రి ఆర్టీసీ బస్టాండులో కూర్చుని ఫోన్ తీస్తాడు, కూతురికి కాదు, అల్లుడికి చేస్తాడు. "అల్లుడుగారూ, మీతో ఒకసారి మాట్లాడాలి, అమ్మాయికి తెలియనివ్వకండి." అక్కడ ఫ్రీజ్ చెయ్. రేపు ఎవరైనా టీవీ పెట్టేది దీనికోసమే.

ఛానల్ ఈపీ, అదే ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్, మళ్లీ "ఏడుపేదమ్మా" అనొచ్చు. వాట్సాప్‌లో పంపి ఊరుకోకుండా, వెళ్లి ఎదురుగా కూర్చుని ఆ సీను నువ్వే చదివి వినిపించు, "బాగున్నాయి" తర్వాత ఒక్క క్షణం ఆగి ఆయన మొహం చూడు. అప్పటికీ కావాలంటే తండ్రి వెళ్లిపోయాక కూతురు డబ్బా మూత తీసే షాట్ ఒకటి ఇవ్వు, అంతకుమించి ఇవ్వకు. తిరగరాసి ఆదివారంలోగా నాకు పంపు. ఆడపడుచు పెళ్లి ఎక్కడ పెట్టాలో ఫోన్లో మాట్లాడుకుందాం.

మీ బాబాయ్