రోజుకు మూడే సిగరెట్లు, అదీ ఆఫీసు టీ టైములోనే. దీన్ని కూడా అలవాటంటారా?

అంటారు. గుండె డాక్టరు అంటారు, టర్మ్ పాలసీ (జీవిత బీమా) ఇచ్చే కంపెనీ అంటుంది, రేపు సంబంధం మాట్లాడటానికి వచ్చేవాళ్ళకు తెలిస్తే వాళ్ళూ అంటారు.

మీరు ప్రశ్న కింద రాసింది ఇదీ: వయసు 27, బెంగళూరు మారతహళ్ళిలో పీజీ హాస్టలు, బెల్లందూరులో ఆఫీసు. రోజుకు మూడు దాటవు, ఇంట్లో తెలియదు, సంబంధాలు చూస్తున్నారు. వేప్‌కి, అంటే ఈ-సిగరెట్‌కి, మారితే నయమా, కర్ణాటకలో ఏదో కొత్త చట్టం వచ్చిందట అదేమిటి, అమ్మాయికి చెప్పాలా వద్దా. నేను కూడా ఆ రింగురోడ్డు పక్క ఆఫీసుల్లో ఏళ్ళ తరబడి పనిచేస్తూ ఇంచుమించు మీలాగే కాల్చి, మానేసినవాణ్ణి. డాక్టర్ని కాను, లాయర్ని కాను. అనుభవంతోనూ, మానేటప్పుడు చదివి తెలుసుకున్నదానితోనూ చెబుతున్నాను.

ముందు ఆ "మూడే" సంగతి తేలుద్దాం. ఊపిరితిత్తుల క్యాన్సర్ దగ్గర మీ లెక్కకు కొంత అర్థం ఉంది. ఎన్నేళ్ళు కాల్చారు, రోజుకెన్ని కాల్చారు అన్నదాన్ని బట్టి ఆ ముప్పు పెరుగుతూ పోతుంది. తక్కువ కాలిస్తే తక్కువ, అంతేగానీ లేకుండా పోదు. గుండె దగ్గరికి వస్తే మాత్రం ఈ బేరం చెల్లదు. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 141 అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధన వచ్చింది. రోజుకు 20 కాల్చే మగవాడికి గుండెజబ్బు ముప్పు మామూలు కంటే ఎంత ఎక్కువ ఉంటుందో, రోజుకు ఒక్కటి కాల్చేవాడికి అందులో దాదాపు సగం ఉంటుందని తేలింది. ఇరవయ్యో వంతు కాదు, సగం. రక్తనాళాల లోపలి పొర దెబ్బతినడానికి, రక్తంలో ప్లేట్‌లెట్లు జిగురెక్కి గడ్డకట్టడానికి కొద్దిపాటి పొగే చాలు. ఆ తర్వాత ఎంత ఎక్కువ కాల్చినా ముప్పు అదే వేగంతో పెరగదు. అంటే నష్టంలో పెద్ద వాటా మొదటి సిగరెట్టుకే జరిగిపోతోంది. నేను ఇరవై నుంచి మూడుకు తగ్గించాను అని మురిసిపోయేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి. అసలు మూడు దగ్గరే ఆగాను కదా అనుకునే మీలాంటివాళ్ళు ఇంకా బాగా తెలుసుకోవాలి.

27 ఏళ్ళకు గుండెజబ్బు గొడవేంటి అంటారేమో. ఇదే ఊళ్ళో జయదేవ గుండె ఆసుపత్రి ఉంది చూడండి, అక్కడి డాక్టర్లు 40 ఏళ్ళ లోపే గుండెపోటు వచ్చినవాళ్ళ వివరాలతో ప్రత్యేకంగా ఒక రిజిస్ట్రీ నడిపారు. అలా విడిగా పెట్టేంతమంది కుర్రవాళ్ళు వస్తున్నారన్నమాట. అందులో బయటపడ్డ ముఖ్య కారణాల్లో పొగ ఒకటి.

ఇక మన తెలుగువాళ్ళం తప్పకుండా తెచ్చే వాదన ఒకటుంది: మా తాత చుట్ట కాలుస్తూనే తొంభై ఏళ్ళు బతికాడు. మాది ప్రకాశం జిల్లా, పొగాకు పండించే ఊరు. ఒంగోలు వేలం కేంద్రంలో మా నాన్న బేళ్ళు అమ్మిన డబ్బుతోనే నా ఇంజనీరింగ్ ఫీజు కట్టారు, కాబట్టి పొగాకును తిట్టే హక్కు నాకు కాస్త తక్కువే. కానీ ఆ ఆకు సంగతి మా ఊరికి తెలిసినంతగా సిగరెట్టు కాల్చేవాళ్ళకు తెలియదు. తడిసిన పచ్చాకు మోసిన కూలీలకు కళ్ళు తిరిగి వాంతులయ్యేవి. పొగ లేదు, నిప్పు లేదు, చర్మం గుండా నికోటిన్ ఒంట్లోకి దిగడమే దానికి కారణం. మా ఆవిడ వాళ్ళది శ్రీకాకుళం వైపు. అక్కడ ముసలమ్మలు అడ్డపొగ తాగేవారు, చుట్ట నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని. అంగిలికి క్యాన్సర్ రావడం వేరేచోట్ల చాలా అరుదు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో ఈ అడ్డపొగ వల్లే అది ఎక్కువగా కనిపించి, దేశదేశాల డాక్టర్లు వచ్చి పరిశోధన చేశారు. తొంభై ఏళ్ళు బతికిన తాత పండక్కి పీట మీద కూర్చుని కబుర్లు చెబుతాడు. యాభైకే పోయినవాళ్ళ తరఫున ఎవరు చెబుతారు?

ఇప్పుడు అసలు విషయం, టీ. బెంగళూరులో సిగరెట్ కొట్టు విడిగా వెతుక్కోనక్కర్లేదు. బేకరీ ఉంటుంది, లేదా బోర్డు మీద కాండిమెంట్స్ అని రాసిన కొట్టు ఉంటుంది. సీసాల్లో నిప్పట్లు, చక్కిలాలు, పక్కన టీ, స్తంభానికి తాడుతో కట్టిన లైటరు. బైటూ టీ చెప్పి ఇద్దరు నిలబడితే చాలు, మూడోవాడు వచ్చి చేరతాడు. మీకు నిజంగా అలవాటైంది పొగా, ఆ పది నిమిషాలా అన్నది మీరే తేల్చుకోవాలి. నా మటుకు నాకు పది నిమిషాలే. ఎవరు పేపర్ పెడుతున్నారు (రాజీనామా చేస్తున్నారు), ఏ ప్రాజెక్టు మూతపడుతోంది, ఈసారి జీతాల హైకులు ఎలా ఉండబోతున్నాయి, ఇవన్నీ మీటింగు గదిలో కంటే అక్కడే ముందు తెలిసేవి. మేనేజరు కూడా అక్కడే నిలబడేవాడు. లోపల సార్ అని పిలిచే మనిషినే అక్కడ అగ్గి అడిగేవాళ్ళం. మా టీములో ఆడవాళ్ళకు ఆ వార్తలు ఆలస్యంగా చేరేవి. ఎవరైనా అమ్మాయి వచ్చి ఒకటి వెలిగిస్తే మాత్రం ఫ్లోరంతా మాట్లాడుకునేది. మగాడు కాలిస్తే స్ట్రెస్సు, ఆడపిల్ల కాలిస్తే క్యారెక్టరు. పొగ అందరికీ ఒకే హాని చేస్తుంది, మన నోరు మాత్రం మనిషిని బట్టి మారుతుంది.

మీకొక పరీక్ష చెబుతాను. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఏం చేస్తున్నారు? అమ్మానాన్నల ముందు నాలుగు రోజులు గుర్తే రాకుండా గడిచిపోతే మీది నిజంగా టీ టైము అలవాటే, చోటు మారిస్తే చాలావరకు వదులుతుంది. అలాకాక సాయంత్రం కాగానే ఫ్రెండు ఇంటికని చెప్పి బండి తీస్తున్నారంటే, మడివాళలో ఎక్కిన బస్సు ఢాబా దగ్గర ఆగితే అందరికంటే ముందు దిగుతున్నారంటే, ఒళ్ళు నికోటిన్ అడుగుతోంది. నిద్ర లేచిన అరగంటలోపే ఒకటి కావాలనిపిస్తోందా అని కూడా డాక్టర్లు అడుగుతారు. అవునంటే పట్టు గట్టిగా ఉన్నట్టు.

చట్టం సంగతి. దేశమంతటికీ 2003 నాటి కోట్పా, అంటే పొగాకు నియంత్రణ చట్టం ఉంది. దాని కింద 2008 అక్టోబర్ 2 నుంచి ఆఫీసులు, హోటళ్ళు, సినిమా హాళ్ళు, బస్టాపుల్లాంటి చోట్ల కాల్చడం నిషేధం. జరిమానా 200 రూపాయల వరకు. కర్ణాటక దీన్ని సవరించింది, సవరణ 2025 మే నెలాఖరులో అమల్లోకి వచ్చింది. జరిమానా 1000 రూపాయలయ్యింది. పొగాకు సరుకు కొనడానికి ఉండాల్సిన వయసు 18 నుంచి 21కి పెరిగింది. హుక్కా బార్లు పూర్తిగా నిషేధం, నడిపితే ఏడాది నుంచి మూడేళ్ళ జైలు, 50,000 నుంచి లక్ష వరకు జరిమానా. మీకు తగిలేది ఇంకోటుంది: సిగరెట్లు లూజుగా అమ్మకూడదు.

ఈ లూజు నిబంధనను చిన్నదిగా చూడకండి. మీ మూడు సిగరెట్ల అలవాటు నిలబడిందే లూజు అమ్మకం మీద. జేబులో ప్యాకెట్ లేదు కాబట్టి నేను స్మోకర్ని కాను అనుకోవడం తేలిక. ఇంట్లో దొరకదు, పర్సులో లెక్క కనపడదు. పైగా ప్యాకెట్ మీద 85 శాతం మేర వేసే ఆ క్యాన్సర్ బొమ్మ లూజుగా కొనేవాడి కంటపడదు. అమలు ఎలా ఉందంటారా, లూజుగా అమ్మే కొట్లు నాకు రోజూ కనిపిస్తూనే ఉన్నాయి. కానీ ఒకరోజు మీ కొట్టువాడు ప్యాకెట్టే ఇస్తానంటే అప్పుడు మూడు మూడుగా ఉండవు. పీజీకి వెళ్ళాక జేబులో ఏడు మిగిలి ఉంటాయి.

వేప్ వద్దు. 2019 చట్టం ప్రకారం మన దేశంలో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నేరం. మొదటిసారికే ఏడాది వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. అయినా దొరుకుతోందంటే దొంగసరుకన్నమాట, లోపల ఏం పోశారో చెప్పే నాథుడు లేడు. ఇంకో చిక్కు: సిగరెట్టుకు చివర ఉంది, వేప్‌కు లేదు. టీ టైములో మూడుసార్లు తాగేవాడు వేప్ కొన్నాక బాత్రూములో, క్యాబ్‌లో, మంచం మీద కూడా పీల్చడం నేను చూశాను. జర్దా, గుట్కాల వైపు అసలు చూడకండి. కర్ణాటకలో గుట్కా 2013లోనే నిషేధించారు, దాంతో పాన్ మసాలా ఒక పొట్లంలో, పొగాకు ఇంకో పొట్లంలో అమ్మడం మొదలైంది. రెండూ కలిపి వేసుకునేవాళ్ళకు నోరు తెరుచుకోకుండా బిగిసిపోయే జబ్బు వస్తుంది, అక్కణ్ణుంచి క్యాన్సర్‌కు దారి.

మానడం ఎలాగంటే, నేను టీ టైము వదల్లేదు, చోటు మార్చాను. బేకరీ బదులు దర్శినికి, అంటే నిలబడి తినే చిన్న హోటలుకి, వెళ్ళడం మొదలుపెట్టాను. నిలబడి ఫిల్టర్ కాఫీ తాగొచ్చు, లోపల వెలిగించడానికి వీల్లేదు. ఒక్కణ్ణే వెళితే రెండో రోజుకే బేకరీ వైపు కాళ్ళు లాగుతాయి. అందుకని కాల్చని ఒకరిద్దరిని తోడు తీసుకెళ్ళాను. వార్తలు కొంచెం ఆలస్యంగా తెలిశాయి, కొంపలేమీ మునగలేదు. మొదటి మూడు రోజులు బాగా చిరాకుగా ఉంటుంది, నిద్ర సరిగా పట్టదు, కొందరికి మలబద్ధకం. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. తాగాలన్న కోరిక తన్నుకొచ్చినా కొద్ది నిమిషాలే నిలుస్తుంది, ఆ కాసేపు దాటిస్తే చాలు.

నికోటిన్ గమ్ 2 మిల్లీగ్రాములది మెడికల్ షాపులో చీటీ లేకుండా దొరుకుతుంది. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలేస్తే ఎక్కిళ్ళు, కడుపులో మంట. మెల్లగా నమిలి, నోట్లో చురుక్కుమనగానే బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టి వదిలెయ్యాలి, కాసేపాగి మళ్ళీ నమలాలి. దీనికి ముందు పావుగంట, నోట్లో ఉన్నంతసేపూ కాఫీ, కూల్‌డ్రింకు తాగకూడదు. నోట్లో పులుపు చేరితే నికోటిన్ ఒంటికి పట్టదు. కాఫీతో పాటు గమ్ నమిలి, ఇది పనిచెయ్యడం లేదు అని పారేసేవాళ్ళు ఎక్కువ. అయితే రోజుకు మూడు కాల్చేవాళ్ళకు గమ్ అవసరమే పడకపోవచ్చు. ఊళ్ళో కూడా ఆగలేకపోతున్నాను అంటే 1800-11-2356కి ఫోన్ చేయండి. పొగాకు మానడానికి సాయం చేసే జాతీయ క్విట్‌లైన్ అది, ఫోన్ ఖర్చు లేదు, ప్యాకెట్ మీద కూడా ఉంటుంది. దక్షిణాది భాషల కౌన్సెలింగ్ మన హొసూరు రోడ్డు నిమ్హాన్స్ ఆసుపత్రి నుంచే నడుస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. తర్వాత వాళ్ళే మళ్ళీ ఫోన్ చేసి కనుక్కుంటారు కూడా. మానేసిన ఏడాదికి గుండెజబ్బు అదనపు ముప్పు సుమారు సగానికి పడిపోతుంది.

అమ్మాయికి చెప్పాలా? చెప్పాలి, నిశ్చితార్థానికి ముందు, మీ నోటితో. బయోడేటాలో "ఎలాంటి అలవాట్లూ లేవు" అని మీ బాబాయ్ రాసేస్తారు, అది ఆపడం మీ వల్ల కాకపోవచ్చు. కానీ ఇద్దరూ విడిగా మాట్లాడుకునే ఆ పావుగంటలో చెప్పే అవకాశం ఉంది. పెద్దల ద్వారా కబురంపితే మూడు సిగరెట్లు అవతలి ఇంటికి చేరేసరికి మందు, పేకాట కూడా కలుపుకుంటాయి. పెళ్ళయ్యాక బాల్కనీలో కాల్చుకుంటానులే అనుకోకండి, తలుపు సందులోంచి పొగ లోపలికే వస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు, చంటిబిడ్డ ఉన్నప్పుడు ఆ పొగ మంచిది కాదు. పిల్లలకు ఆయాసం, చెవి ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి. నా ఉద్దేశంలో "కాల్చేవాణ్ణి, మానే ప్రయత్నంలో ఉన్నాను" అన్న మాట విని వద్దనే అమ్మాయి కంటే, పెళ్ళయ్యాక చొక్కా వాసన చూసి కనిపెట్టిన భార్యతో మీకు ఎక్కువ కష్టం.

పెళ్ళి కుదిరితే ఎలాగూ టర్మ్ పాలసీ తీసుకోమంటారు. అక్కడ రోజుకు మూడు కాల్చినా స్మోకరే, ప్రీమియం ఎక్కువ. మూత్రంలో కొటినిన్ (నికోటిన్ ఒంట్లో మారి ఏర్పడే పదార్థం) పరీక్ష చేస్తారు, నికోటిన్ తీసుకున్న కొన్ని రోజుల వరకు అది పట్టిస్తుంది. గమ్ నమిలినా పాజిటివే వస్తుంది కాబట్టి గమ్ వాడుతుంటే ఆ మాట కూడా రాయండి. దాచిపెట్టి నాన్-స్మోకర్ అని రాస్తే, ఇన్సూరెన్స్ చట్టం 45వ సెక్షన్ ప్రకారం మొదటి మూడేళ్ళలో కంపెనీ ఆ పాలసీని ప్రశ్నించవచ్చు. ఆ మూడేళ్ళలో మీకేమైనా అయితే క్లెయిము కోసం తిరగాల్సింది ఆ అమ్మాయే. స్మోకర్ అనే రాయండి, ప్రీమియం ఎక్కువైనా కట్టండి. మానేసి ఏడాది దాటాక నాన్-స్మోకర్ రేటుకు కొత్త పాలసీ అడగొచ్చు. కొత్తది చేతికి వచ్చేదాకా పాతది ఆపకండి.