బాబుకి రైలు బొమ్మ: ఇంజను చూసి కాదు, పట్టాలు చూసి కొనండి

“మా బాబుకి రెండున్నరేళ్ళు. రైలంటే పిచ్చి. మేం అమెరికా వచ్చి కొన్ని నెలలే అయింది. మంచి ట్రైన్ సెట్ ఒకటి కొందామని చూస్తే ఒక్కో షాపులో ఒక్కో రకం. రేట్లకీ పొంతన లేదు. ఏది నాలుగు రోజులు మన్నుతుంది? వాడినవి కొనొచ్చా? మా నాన్నగారు వచ్చే నెల వస్తున్నారు, అక్కణ్ణుంచే ఒకటి తెమ్మంటే సరిపోతుందా?” అని డాలస్ నుంచి ఒక తల్లి అడిగారు. కొత్తగా వచ్చినవాళ్ళు చాలామంది అడిగేదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

అమ్మా, కొనేముందు బాబుని మీ ఊరి పబ్లిక్ లైబ్రరీకి తీసుకెళ్ళండి. ఇక్కడ చాలా లైబ్రరీల్లో పిల్లల విభాగంలో ఒక బల్ల మీద చెక్క రైలు పరిచి ఉంటుంది. కొన్ని పుస్తకాల షాపుల్లోనూ ఉంటుంది. పైసా ఖర్చు లేదు. మీవాడు పట్టాలు పీకి మళ్ళీ అమర్చే రకమా, రైలు పట్టుకుని గదంతా పరిగెత్తే రకమా అన్నది అరగంటలో తెలిసిపోతుంది. రెండో రకమైతే అసలు సెట్టే అక్కర్లేదు, రెండు బోగీలున్న ఇంజను ఒకటి చాలు. ఇంకో ఉపయోగం కూడా ఉంది. ఆ బల్ల మీది పట్టాల్ని ఊళ్ళో పిల్లలందరూ ఏళ్ళ తరబడి లాగి, విసిరి, కొరికి ఉంటారు. అయినా ఇంకా పనిచేస్తున్నాయంటే ఏ రకం మన్నుతుందో మీకే కళ్ళకి కనిపిస్తుంది.

పెట్టె మీద బొమ్మ చూస్తే మన దృష్టంతా ఇంజను మీదే ఉంటుంది. పొగ వస్తుంది, లైటు వెలుగుతుంది, కూత వేస్తుంది. కానీ సెట్టు పాడయ్యేది ఎక్కువగా పట్టాల దగ్గర. చవక ప్లాస్టిక్ పట్టాకి చివర సన్నటి నాలుకలాంటిది ఉంటుంది, అది పక్క పట్టాలో దూరాలి. పిల్లాడు దాని మీద ఒక్కసారి కాలు వేశాడంటే పుటుక్కున విరుగుతుంది. ఒక్క ముక్క విరిగితే చుట్టు కలవదు. విడిగా ఆ ముక్క దొరకదు, వేరే కంపెనీది అందులో పట్టదు. ఇంజను బాగానే ఉన్నా సెట్టంతా అటక ఎక్కుతుంది. (ఇక్కడ అటకలుండవు, క్లోజెట్ అనుకోండి.) అందుకే నేను అడిగినవాళ్ళందరికీ చెప్పేది ఒకటే. రైలు సంగతి తర్వాత, పట్టాలు చూసి కొనండి.

ఈ లెక్కన రెండున్నరేళ్ళ పిల్లాడికి నా ఓటు చెక్క పట్టాలకే. స్వీడన్‌లో ఓస్బీ అనే ఊరి దగ్గర 1884లో మొదలైన బ్రియో కంపెనీ 1958లో చెక్క రైలు తెచ్చింది. బీచ్ అనే చెట్టు గట్టి కలప, పైన రెండు గాళ్ళు, ఒక చివర గుండ్రటి గుబ్బ, రెండో చివర అది కూర్చునే గుంట. అంతే, ఇందులో విరగడానికి పెద్దగా ఏమీ లేదు. తర్వాత వచ్చినవాళ్ళు చాలామంది అదే కొలత పట్టుకున్నారు. ఐకియా వాళ్ళ లిల్లబో, హేప్, మెలిసా అండ్ డగ్, ఇంగ్లండ్‌లో బిగ్‌జిగ్స్ ఇవన్నీ ఇంచుమించుగా ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి. ఇంచుమించుగా అని ఎందుకన్నానంటే కొన్ని కాస్త బిగుతుగా, కొన్ని వదులుగా ఉంటాయి. ఐకియావాటికి గుబ్బ ప్లాస్టిక్‌ది. అయినా చుట్టు కలుస్తుంది, రైలు పరిగెడుతుంది. పెట్టె మీద వేరే చెక్క పట్టాలతో కలుస్తుందని రాసి ఉందో లేదో ఒకసారి చూసుకోండి. అలా రాసి ఉంటే ఇవాళ ఐకియాలో చవకగా పట్టాలు కొనొచ్చు, వచ్చే పుట్టినరోజుకి బ్రియో వంతెన కొనొచ్చు, ఎవరో ఇచ్చిన పాత ఇంజను దాని మీద నడిపించొచ్చు.

మొదటి సెట్టు చిన్నదే తీసుకోండి. పెద్ద వంపు పట్టాలు ఎనిమిది పెడితే ఒక చుట్టు పూర్తవుతుంది. వాటితో పాటు నాలుగైదు తిన్నటి ముక్కలు, వీలైతే దారి రెండుగా చీలే ముక్క ఒకటి, ఇంజను, రెండు మూడు బోగీలు. ఈ వయసుకి ఇది బోలెడు. వంద ముక్కల సెట్టు తెస్తే మొదటి వారం అమర్చేది మీ ఆయన, ఏరేది మీరు. స్తంభాల మీద నిలబడే ఎత్తు వంతెనలు కూడా ఇప్పుడే వద్దు. పిల్లాడి మోచెయ్యి తగిలితే కూలిపోతాయి, ఇల్లు ఎగిరిపోయేలా ఏడుపు.

చెక్క బోగీల్ని కలిపేది అయస్కాంతం. చాలావాటిలో ఒక చివర ఉత్తరం, ఇంకో చివర దక్షిణం. బోగీని తిప్పి పెడితే అతుక్కోకపోగా ముందున్నదాన్ని నెట్టేస్తుంది. మొదట్లో పిల్లాడు బోగీ పాడైపోయిందని మీ దగ్గరికి తెస్తాడు. మీరు సరిచేసి ఇవ్వకండి. రెండు రోజులు దాన్ని అటూ ఇటూ తిప్పి, ఎటు పెడితే అతుక్కుంటుందో వాడే కనిపెడతాడు. ఆ ముఖం చూడాలి.

ఇక బ్యాటరీ ఇంజను. కొనొద్దనను గానీ నాలుగేళ్ళు వచ్చేదాకా ఆగమంటాను. చేత్తో నెట్టే రైలయితే పిల్లాడు నేల మీద బోర్లా పడుకుని, చెంప కార్పెట్‌కి ఆనించి, కన్ను చక్రాల ఎత్తులో పెట్టి, రైలు తన మీదికి వస్తున్నట్టు చూసుకుంటూ నెడతాడు. అక్కడ డ్రైవరూ వాడే, గార్డూ వాడే, కూత వేసేదీ వాడే. మోటారు పెట్టగానే లేచి కూర్చుని చూస్తాడు. పది నిమిషాల్లో చూడ్డం అయిపోతుంది. పైగా మన అపార్ట్‌మెంట్లలో గోడ నుంచి గోడకి కార్పెట్. మోటారు ఇంజను నేల మీదికి దిగిందంటే ఇరుసుకి నూగు, అమ్మ జుట్టు చుట్టుకుని చక్రం ఆగిపోతుంది. అప్పుడు పట్టకారు పుచ్చుకుని ఒక్కో వెంట్రుకా లాగడం మీ పని. కొన్నప్పుడు బ్యాటరీ మూత స్క్రూతో బిగించేదై ఉండాలి. కొన్నాళ్ళు ఆడకపోతే బ్యాటరీ తీసి పెట్టండి, కారితే లోపల తుప్పు పట్టి ఇంజను పోతుంది.

ప్లాస్టిక్ అంతా పనికిమాలిందని కాదు. లెగో డూప్లో రైలు 1983 నుంచి ఉంది. ముక్కలు పెద్దవి, మందంగా ఉంటాయి, తొక్కినా మన కాలికే నొప్పి. ఇంట్లో ఇప్పటికే డూప్లో ఇటుకలు ఉంటే అదే కొనడం తెలివైన పని, స్టేషన్లూ గేట్లూ వాటితోనే కడతాడు. కాకపోతే అదనపు పట్టాలు ఖరీదు, చెక్కవాటితో కలవవు. టోక్యోలోనో ఒసాకాలోనో ఉన్న తెలుగువాళ్ళయితే ప్లారైల్ అనే అక్కడి రైలు బొమ్మ వదిలి వేరేది చూడక్కర్లేదు. 1959లో వచ్చిన నీలం ప్లాస్టిక్ పట్టాల కొలత ఇప్పటికీ మారలేదు, ఆ తరంవాళ్ళు ఆడిన పట్టా మీద మనవడి బుల్లెట్ ట్రైన్ నడుస్తుంది.

నవంబరు వచ్చిందంటే ఇక్కడి షాపుల్లో క్రిస్మస్ చెట్టు చుట్టూ తిరిగే రైలు పెడతారు. చూస్తే ఆగలేం. లయనెల్ అని 1900లో మొదలైన అమెరికన్ కంపెనీకి దాంట్లో పెద్ద పేరు. పట్టాల్లోంచి కరెంటు వెళ్ళే అసలు సెట్లు కాస్త పెద్ద పిల్లలకీ, నిజం చెప్పాలంటే నాన్నలకీ. మీవాడికి ఇంకా టైముంది.

వయసు గురించి గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. పెట్టె మీద “3+” అని ఉంటే “మావాడు చాలా షార్ప్, రెండేళ్ళకే అన్నీ చేస్తాడు” అని కొనేస్తుంటారు మనవాళ్ళు. ఆ అంకెకి తెలివితో సంబంధం లేదు. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మల్లో గొంతుకి అడ్డం పడే చిన్న ముక్కలు ఉండకూడదని ఇక్కడి చట్టం. దానికి 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టం పెట్టి పరీక్షిస్తారు, అందులో పట్టే ముక్క ఉంటే ఆ బొమ్మ మూడేళ్ళలోపువాళ్ళకి అమ్మకూడదు. ఇంట్లో మీరు టాయిలెట్ పేపర్ అయిపోయాక మిగిలే అట్ట గొట్టంతో చూసుకోవచ్చు. అది కొంచెం వెడల్పు కాబట్టి ఇంకా మంచిదే. మీవాడు రెండున్నర కాబట్టి పద్దెనిమిది నెలల నుంచి అని రాసి ఉన్న చెక్క సెట్లు చూడండి, బ్రియోలోనే ఉన్నాయి. ఆర్నెల్ల తర్వాత మామూలువి వాటికే కలుపుకోవచ్చు.

అయస్కాంతం ఊడిన బోగీని జిగురు పెట్టి అతికించి మళ్ళీ ఇవ్వకండి, తీసి పారేయండి. అయస్కాంతాలు ఒకటికి రెండు మింగితే పేగుల గోడల్ని మధ్యలో నొక్కిపట్టి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. బొత్తాం బ్యాటరీ మింగినా అంతే ప్రమాదం. అలాంటి అనుమానం వస్తే అరటిపండు పెట్టి పొద్దున్న దాకా చూద్దాం అనుకోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళాలి. బిల్లు గురించి తర్వాత టెన్షన్ పడొచ్చు.

వాడినవి కొనొచ్చా అన్నారు. చెక్క రైలయితే నేను వాడినవే కొనమంటాను. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక డబ్బాలకి డబ్బాలు గరాజ్ సేల్‌లోనూ, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనూ సగం ధరకన్నా తక్కువకి ఇచ్చేస్తారు. తీసుకునేముందు గుబ్బల్ని ఒక్కోటీ వేలితో కదిపి చూడండి. చివర్లు ఉబ్బి గరుగ్గా ఉంటే నీళ్ళలో నానినట్టు, వదిలేయండి. బోగీని అరచేతి మీద దొర్లించండి, చక్రం ఊగకుండా తిరగాలి. అయస్కాంతం దగ్గర తుప్పుంటే వద్దు. ఇంటికి తెచ్చాక నీళ్ళ తొట్లో వెయ్యకండి, డిష్‌వాషర్‌లో అసలే వద్దు. తడి గుడ్డతో తుడిచి ఆరబెడితే చాలు.

పాతవాటిలో రంగు సంగతి కూడా చూడాలి. 2007 జూన్‌లో థామస్ అనే కార్టూన్ ఇంజను పేరు మీద అమ్మిన చెక్క రైళ్ళు పదిహేను లక్షల దాకా వెనక్కి పిలిపించారు. 2005 జనవరి నుంచి అప్పటిదాకా అమ్మిన కొన్ని ఇంజన్లలో, బోగీల్లో పై రంగులో సీసం ఉందని తేలింది. ఆ మరుసటి ఏడాదే పిల్లల వస్తువుల మీద చట్టం గట్టిపడింది. ఇప్పటివాటికి ఆ భయం చాలావరకు లేదు గానీ గరాజ్ సేల్ డబ్బాలో ఆ కాలంనాటి ఎర్ర, పసుపు ముక్కలు ఇంకా ఉండొచ్చు. అమెరికా ప్రభుత్వ వినియోగదారుల భద్రతా కమిషన్ (CPSC) వెబ్‌సైట్‌లో రీకాల్ జాబితా ఉంటుంది, పేరు కొట్టి చూడండి. తేల్చుకోలేకపోతే రంగు లేని పట్టాలు ఉంచుకుని, రంగువి పక్కన పెట్టేయండి. ఆన్‌లైన్‌లో నోరు తిరగని కంపెనీ పేరుతో అతి చవకగా వచ్చే కొత్తవాటినీ ఇదే కంటితో చూడాలి. తయారుచేసిందెవరో, ఎక్కడో, ఎప్పుడో బొమ్మ మీదో పెట్టె మీదో ముద్ర ఉండాలి.

ట్రైన్ టేబుల్ కొనాలా అని ఎలాగూ అడుగుతారు. అద్దె ఇంట్లో ఉండి, రేపో మాపో ఉద్యోగం ఇంకో రాష్ట్రానికి మారే మనకి అది చోటు దండగ. నేలే మంచి టేబుల్. కొందరు ముక్కలు పోకుండా పట్టాల్ని బల్లకి జిగురుతో అంటించేస్తారు. దానికన్నా బొమ్మ కొనకపోవడం నయం, కొత్త దారి వెయ్యడమే కదా పిల్లాడి ఆటంతా. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బా ఒకటి చాలు. ఇల్లు మారేటప్పుడు అది యథాతథంగా ట్రక్కెక్కుతుంది.

పుట్టినరోజులకి మనవాళ్ళు చేసే హడావిడి మీకింకా అలవాటు కాలేదు. పిలిచినవాళ్ళందరూ ఒక్కో బొమ్మ తెస్తారు, అందులో సగం రిమోట్ కార్లు. దగ్గరివాళ్ళు ఏం తేవాలని అడిగితే మొహమాటపడకుండా చెక్క పట్టాలో బోగీయో తెమ్మనండి. వాళ్ళకీ తేలిక.

ఇక మీ నాన్నగారి సంగతి. మనవడికి ఆయన చేత్తో ఏదో ఒకటి తేకుండా ఉండరు, మీరు వద్దన్నా ఆగరు. కాబట్టి ఏటికొప్పాక లక్క బొమ్మల్లో రైలు దొరికితే తెమ్మనండి, లేపాక్షి షాపుల్లో అడిగితే తెలుస్తుంది. అంకుడు కర్రని తరిణె మీద తిప్పి, లక్క రంగు పట్టించి చేస్తారు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చేతికి నునుపుగా, గట్టిగా ఉంటుంది. అది పట్టాల గాడిలో పట్టదు, ఊడిపోయే చిన్న ముక్కలుంటే మూడేళ్ళు వచ్చేదాకా అందనివ్వకండి, మిగతాదంతా బాగుంటుంది. కొండపల్లివి మాత్రం తెల్ల పొణికి కర్రతో చేసే తేలికైన బొమ్మలు, అద్దాల బీరువాలో ఉండాల్సినవి, రెండున్నరేళ్ళవాడి చేతిలో పెడితే బొమ్మకే అన్యాయం. చెక్క పట్టాల సెట్టు అక్కణ్ణుంచి మోయించకండి. బరువెక్కువ, పెట్టెకి 23 కిలోలు దాటనివ్వరు, ఆ చోట్లో ఆవకాయ వస్తుంది.

ఆయన తిరిగి వెళ్ళేటప్పుడు అక్కడి మనవలకి ఇక్కడ రైలు కొనిస్తానంటే గోడకి గుచ్చే కరెంటు సెట్టు కొననివ్వకండి. ఇక్కడ 120 వోల్టులు, అక్కడ 230. అడాప్టర్ మీద ఇన్‌పుట్ 100 నుంచి 240 దాకా అని రాసి ఉంటే ఫరవాలేదు, ఒట్టి 120 అని ఉంటే అక్కడ ప్లగ్గులో పెట్టగానే మాడిపోతుంది. మామూలు డబుల్ ఏ బ్యాటరీలతో నడిచేదైతే తెనాలిలోనైనా, కరీంనగర్‌లోనైనా మూల కొట్లో సెల్లు దొరుకుతాయి.