కొత్త ఎలుకలను పాతవాటితో కలిపేటప్పుడు అరుపు వినకండి, బొచ్చు చూడండి

ఏడాది వయసున్న రెండు మగ ఎలుకల పంజరంలో ఎనిమిది వారాల మగపిల్లలను రెండింటిని వదిలానని, పెద్దది వెంటనే మీదపడి ఒకదాన్ని వెల్లకిలా పడేసిందని, పిల్ల కీచుమనడంతో భయపడి విడదీశానని రాశారు. ఇవి ఎప్పటికైనా కలుస్తాయా అని అడిగారు. చాలావరకు కలుస్తాయండి. అయితే వాటిని కలపాల్సిన చోటు ఆ పంజరం కాదు.

ఎలుకకు చూపు అంతంతమాత్రం. దానికి లోకం తెలిసేది ముక్కుతోనే. ముఖ్యంగా మగవి నడిచిన చోటల్లా చుక్కలు చుక్కలుగా మూత్రం విడుస్తూ పోతాయి. మీ పంజరంలో ప్రతి చువ్వకూ, ప్రతి ఊయలకూ పెద్దవాటి వాసన పట్టి ఉంటుంది. అందులోకి పరాయి వాసన చొరబడితే తరిమికొట్టడం వాటి స్వభావం. దాన్ని చూసి మీ పెద్ద ఎలుక చెడ్డదని తేల్చేయకండి.

పిల్లలు ఇంటికొచ్చి రెండు వారాలు కాకపోతే ముందు వాటిని వేరే గదికి మార్చండి. వీలైతే స్నేహితుల ఇంట్లో ఉంచడం ఇంకా మంచిది. ఎలుకల ఊపిరితిత్తులకు సోకే సెండాయ్ వంటి వైరస్‌లు గాలిలో సులువుగా పాకుతాయి. తోడుగా మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఉంటుంది. అది దాదాపు ప్రతి పెంపుడు ఎలుకలోనూ ఉండేదే, ఒత్తిడి పెరిగినప్పుడు ఊపిరితిత్తుల మీద పడుతుంది. కొత్త చోటికి వచ్చిన ఒకటి రెండు రోజులు తుమ్మితే కంగారు వద్దు. ఊపిరి పీల్చేటప్పుడు గరగర వినిపించినా, ముక్కు చుట్టూ ఎర్రటి మరకలు మానకుండా వస్తున్నా పశువైద్యుడికి చూపించండి. ఆ ఎరుపు రక్తం కాదు, పోర్ఫిరిన్ అనే స్రావం. ఒంట్లో బాగాలేనప్పుడు ఎక్కువవుతుంది. ఈ రెండు వారాల్లో పిల్లలు కాస్త ఒళ్ళు చేస్తాయి కూడా. పెద్ద మగవాటి ముందుకు పది వారాల పిల్ల వెళ్ళడానికీ ఎనిమిది వారాల పిల్ల వెళ్ళడానికీ చాలా తేడా ఉంది. అన్నీ మగవేనని మరోసారి చూసుకోండి. ఎలుకలు ఐదు వారాలకే ఈడుకొస్తాయి, మూడు వారాల్లో ఈనేస్తాయి.

ఇక కలపడం. నేను నమ్మే పద్ధతి క్యారియర్. పిల్లులను డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళే చిన్న ప్లాస్టిక్ పెట్టె చాలు. నాలుగూ పడుకునేంత చోటు ఉండాలి, పరుగెత్తేంత ఉండకూడదు. ఏ ఎలుక వాసనా లేని కొత్త కాగితపు ముక్కలు అడుగున పరచండి. కాపాడుకోవడానికి సొంత మూల లేదు, తరమడానికి దారి లేదు, పక్కదాన్ని తాకకుండా కూర్చోవడం కుదరదు. అందుకే ఇది పనిచేస్తుంది. సోఫా మీదో ఖాళీ స్నానాల తొట్టిలోనో వదిలి కలిపేవాళ్ళూ ఉన్నారు. ఆడవాటికి, నెమ్మదస్తులకు అది సరిపోవచ్చు. మగవాటికి విశాలమైన చోటు ఇస్తే తరుముళ్ళే ఎక్కువవుతాయన్నది నా అభిప్రాయం. పంజరాలను పక్కపక్కన ఆనించి అలవాటు చేయమని కొందరు చెబుతారు, అది మాత్రం చేయకండి. చువ్వల సందుల్లోంచి కాలివేళ్ళు, తోకలు కొరికేసుకుంటాయి.

మా ఇంట్లో బెల్లం, మిరియం పెద్దవి. తర్వాత అటుకు, చిట్టి వచ్చాయి. నాలుగింటినీ క్యారియర్‌లో పెట్టగానే బెల్లం అటుకు తోక కింద వాసన చూసి, వెల్లకిలా తిప్పి, ముందుకాళ్ళతో అదిమిపట్టి మెడ మీద బొచ్చు గట్టిగా దువ్వడం మొదలుపెట్టింది. అటుకు ప్రాణం పోతున్నట్టు అరిచింది. కానీ బెల్లం వీపు మీద బొచ్చు పట్టులా నున్నగా ఉంది. నేను చెయ్యి పెట్టలేదు. కాసేపటికి వదిలేసి తన మూతి తాను కడుక్కుంది. మిరియం అలా కాదు. చప్పుడే చేయలేదు. నడుము దగ్గర బొచ్చు నిక్కబొడుచుకుంది, వీపు విల్లులా వంగింది, చిట్టి వైపు అడ్డంగా జరగసాగింది. అప్పుడు మందపాటి గ్లోవు తొడుక్కుని రెండింటి మధ్య అట్టముక్క దించాను. బొచ్చు దిగేదాకా ఉంచి, మెల్లగా తీశాను.

మీరు నేర్చుకోవాల్సింది ఈ తేడానే. కీచుమనడం చాలాసార్లు చిన్నది "లొంగిపోయాను, వదిలెయ్" అనడమే. వెల్లకిలా పడేయడం, రెండు కాళ్ళ మీద నిలబడి చేతులతో తోసుకోవడం, అదిమిపట్టి దువ్వడం, ఇవన్నీ ఎవరు పెద్దో తేల్చుకునే పద్ధతులు. లేచిన బొచ్చు, అడ్డనడక, బుసకొట్టడం, తోక అటూఇటూ కొట్టుకోవడం, వీటికి జాగ్రత్తపడండి. గోటి గీత పడితే ఫరవాలేదు. పన్ను లోతుగా దిగితే ఆ రోజుకు ఆపేయాలి. ప్రతి అరుపుకూ విడదీస్తే తేలీతేలని పంచాయితీ మళ్ళీ మొదటికొస్తుంది. ఉండలా చుట్టుకుని కొట్లాడుకుంటున్నప్పుడు మాత్రం ఉత్త చేయి పెట్టవద్దు. ఎముక దాకా కొరుకుతాయి.

నాలుగూ ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయేదాకా క్యారియర్‌లోనే ఉంచండి. మొదటి గంటలు కన్నార్పకుండా చూడండి. తర్వాత కాస్త పెద్ద పెట్టెలోకి, అక్కడా సర్దుకున్నాక పంజరంలోకి మార్చండి. పంజరాన్ని ముందుగా వెనిగర్ కలిపిన నీళ్ళతో కడిగి ఆరబెట్టండి, ఊయలలు, గూళ్ళు తీసేయండి. నీళ్ళ సీసాలు రెండు చోట్ల పెట్టండి, తిండి గిన్నెలో కాకుండా నేలంతా చల్లండి. చోటు పెరిగిన ప్రతిసారీ కొంత రగడ మళ్ళీ మొదలవుతుంది. శ్రుతి మించితే వెనక్కి చిన్న చోటికి తీసుకెళ్ళండి. వస్తువులు ఒక్కొక్కటిగా తిరిగి పెట్టండి. గూటికి రెండు ద్వారాలు ఉండాలి, లేకపోతే పిల్ల అందులో చిక్కుకుపోతుంది.

మీది హైదరాబాద్ అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. ఎలుకకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. ఒంటి వేడిలో కొంత భాగాన్ని తోక ద్వారా పోగొట్టుకుంటుంది. 30 డిగ్రీలు దాటితే కష్టపడుతుంది. నాలుగింటిని ఇరుకు పెట్టెలో పెడుతున్నారు కాబట్టి వేసవిలో ఈ పని తెల్లవారుజామునో ఏసీ గదిలోనో చేయండి, దోసకాయ ముక్కలు వేయండి. కారులో తిప్పితే సర్దుకుంటాయని ఎవరైనా చెబితే ఎండవేళ మాత్రం వద్దు.

ఇంత చేసినా ఒక మగది రోజూ బొచ్చు లేపి, పాత జోడీ మీదకు కూడా వెళుతుంటే అది హార్మోన్ల సమస్య కావచ్చు. ఆరు నెలల నుంచి ఏడాది వయసు మధ్య ఇది ఎక్కువ. వృషణాలు తొలగించే ఆపరేషన్‌తో చాలావాటికి తగ్గుతుంది. అందరు పశువైద్యులూ ఎలుకలకు మత్తు ఇవ్వరు కాబట్టి, ఇచ్చేవారు ఎక్కడున్నారో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి. ఆపరేషన్ తర్వాత హార్మోన్లు దిగడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆలోగా దాన్ని ఒంటరిగా ఉంచాల్సి వస్తే రోజూ చాలాసేపు మీ ఒళ్ళో, భుజం మీద తిరగనివ్వండి. గాయం మానాక, డాక్టరు సరేనన్నాక, మళ్ళీ క్యారియర్ నుంచే మొదలుపెట్టండి.