క్రెడిట్ కార్డు బాకీ కట్టకపోతే జైలుకు పంపిస్తారా?

రెండు నెలలుగా బిల్లు కట్టలేదు, రికవరీ వాళ్లు పోలీసులను పంపిస్తామంటున్నారు, నిజమేనా అని అడిగారు. ఉత్త బెదిరింపు. కార్డు బాకీ సివిల్ వ్యవహారం, బ్యాంకు కోర్టులో దావా వేసుకోవచ్చు, అంతే. కానీ వాళ్ల ఒత్తిడికి చెక్కు రాసిచ్చి అది బౌన్స్ అయిందనుకోండి, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం (చెక్కుల చట్టం) సెక్షన్ 138 కింద క్రిమినల్ కేసు అవుతుంది. ఖాతాలో డబ్బు లేకుండా చెక్కు మాత్రం ఇవ్వకండి.

నా సంగతి చెప్తాను. 2023 మొదట్లో మాదాపూర్‌లో ఉద్యోగం ఊడింది, అప్పటికి కార్డు మీద లక్షా పది వేలు ఉంది. మినిమమ్ కడుతున్నాం కదా అని ధీమా. నెలకు మూడున్నర శాతం వడ్డీ అంటే 3,850, దాని మీద 18 శాతం జీఎస్టీ 693, ఇక నేను కట్టే 5,500లో అసలుకు పోయేది వెయ్యి కూడా లేదు. చివరికి అదీ కట్టలేక వదిలేశా.

90 రోజులు దాటాక ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అయింది, ఫోన్లు పెరిగాయి. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత చేయకూడదని ఆర్‌బీఐ చెప్పింది, వినేదెవరు? ఒకతను కూకట్‌పల్లిలో మా ఓనర్ ఆంటీ దగ్గరికే వెళ్లి నా అప్పు సంగతి చెప్పి వచ్చాడు. ఆ రోజు మెట్లెక్కడానికి కూడా సిగ్గేసింది. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాక ఇంటికి రావడం ఆగింది. (30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, ఖర్చేమీ ఉండదు.)

నా అసలు తప్పు ఆ తర్వాత జరిగింది. 1,62,000కు పెరిగిన బాకీని 85,000కు సెటిల్ చేస్తామంటే, నాన్నని అడిగి కట్టేసి పీడ వదిలిందనుకున్నా. రెండేళ్లకు బండి లోన్‌కు వెళ్తే తిప్పి పంపారు, సిబిల్ రిపోర్టులో (మన అప్పుల చరిత్ర అందులో ఉంటుంది) ‘సెటిల్డ్’ అని ఉందట! అంటే పూర్తిగా కట్టలేదని అర్థం. మిగతా 77,000 కూడా కట్టి నో డ్యూస్ లెటర్ (బాకీ ఏమీ లేదనే పత్రం) తీసుకున్నాకే ‘క్లోజ్డ్’ అని మార్చారు. అప్పుడే కట్టి ఉంటే సగం టెన్షన్ తప్పేది.

మీకింకా 90 రోజులు కాలేదు. బాకీ మొత్తాన్ని ఈఎంఐగా మార్చమని ఈరోజే బ్యాంకుకు మెయిల్ పెట్టండి, వడ్డీ ఎంతో రాతలో అడగండి. ఫోన్లో ఏజెంటు చెప్పే మాట మాత్రం నమ్మకండి, నాకు సెటిల్‌మెంట్ చేస్తే సిబిల్‌కు ఏమీ కాదని చెప్పింది కూడా అలాంటి ఏజెంటే.