ఆటలో వాడిన పాత ఫుట్‌బాల్ హెల్మెట్లు కొనబోయే అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఒహాయో రాష్ట్రంలోని అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ ఆటగాళ్ళు మ్యాచ్‌లలో ధరించిన పాత హెల్మెట్లను సేకరించాలని ఉందనీ, ఎలా మొదలుపెట్టాలో చెప్పమనీ రాశావు. ఒహాయోలో స్థిరపడినవాడివి గనుక నీ కోరిక సహజమే, కానీ నువ్వు ఎంచుకున్న జట్టు కొత్తవారికి కష్టమైనది. ఆ జట్టు ఆడే నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో హెల్మెట్ పక్కన జట్టు గుర్తు లేనిది అదొక్కటే. నారింజ రంగు డొప్ప మీద చారలు తప్ప మరేమీ ఉండవు కాబట్టి, ఏదో ఒక పాఠశాల జట్టు వాడి పారేసిన హెల్మెట్‌కు అదే రంగు పూసి, పేరున్న ఆటగాడిదని చెప్పి అమ్మడం మోసగాళ్ళకు చాలా తేలిక. అందువల్ల డబ్బు తీయడానికి ముందు కొంతకాలం చూడడానికీ చదవడానికీ కేటాయించు. క్లీవ్‌లాండ్ నుంచి గంట ప్రయాణంలో ఉన్న కాంటన్‌లో, 1963లో తెరిచిన ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ అనే మ్యూజియం ఉంది. వీలైనప్పుడల్లా అక్కడికి వెళ్ళి అసలైన వస్తువులను తీరిగ్గా పరిశీలించు.

ఏ ఏటి హెల్మెట్ ఎలా ఉండాలో నీకు కంఠతా రావాలి. హెల్మెట్లు తయారుచేసే రిడ్డెల్ సంస్థ ప్లాస్టిక్ హెల్మెట్‌ను 1939లో తెచ్చింది. తొలినాటి డొప్పలు పగిలిపోతుండడంతో లీగ్ 1948లో వాటిని నిషేధించి, మరుసటి ఏడాదే మళ్ళీ అనుమతించింది. బ్రౌన్స్ విషయానికి వస్తే, 1953లో ఆ జట్టు ఆటగాడు ఆటో గ్రాహం నోటికి దెబ్బ తగిలినప్పుడు కోచ్ పాల్ బ్రౌన్ ఆయన హెల్మెట్‌కు పారదర్శకమైన ప్లాస్టిక్ అడ్డు కట్టించాడు; ముఖానికి కమ్మీ పెట్టుకునే అలవాటు ఆ తరువాతే బాగా వ్యాపించింది. 1957 నుంచి 1960 వరకు ఆ జట్టు హెల్మెట్ల పక్కన ఆటగాడి అంకె ఉండేది. ముఖం ముందుండే ఆ కమ్మీల చట్రం, అంటే ఫేస్‌మాస్క్, బూడిద రంగు నుంచి తెలుపుకు మారింది 1975లో. కాబట్టి 1960ల నాటిదని చెబుతున్న హెల్మెట్‌కు తెల్లని ఫేస్‌మాస్క్ కనిపిస్తే, ఆ మాస్క్‌ను తరువాత మార్చి ఉండాలి, లేదా హెల్మెట్ మొత్తం తరువాతి కాలానిదై ఉండాలి. ఆ ప్రశ్నకు అమ్మేవారు సూటిగా జవాబు చెప్పగలగాలి.

ఆ రోజుల్లో హెల్మెట్ కేవలం పనిముట్టు. ఒకే డొప్పకు మళ్ళీ రంగు వేసి మరొక ఆటగాడికి ఇచ్చేవారు. పాతబడ్డాక కాలేజీలకో పాఠశాలలకో పంపించేవారు. అందుచేత రంగు కింద మరో రంగు కనిపించిందని వెంటనే తిరస్కరించవద్దు. ఆ పొరల వరుస జట్టు చరిత్రతో సరిపోతోందా, పాత మాస్క్ బిగించిన రంధ్రాలను ఎక్కడైనా పూడ్చారా, లోపలి పట్టీలూ తోలూ డొప్ప వయసుకు తగినట్టుగా అరిగాయా అన్నది చూడు. బయట విపరీతంగా గీతలు పడి, లోపల చెమట మరక కూడా లేని హెల్మెట్‌ను నేనైతే తాకను.

జట్టు ఆటగాడికి ఇచ్చిన హెల్మెట్ వేరు, అతను నిజంగా ఆటలో వాడినది వేరు. రెండవది నిరూపించడానికి పాత ఛాయాచిత్రాలను మించిన సాక్ష్యం లేదు. డొప్ప మీది లోతైన గాట్లు, ఎదుటివారి హెల్మెట్ తగిలినప్పుడు అంటుకున్న రంగు, మాస్క్ బిగించిన మర గాడి ఏ వైపుకు తిరిగి ఉంది, అంకె స్టిక్కర్ ఎంత వంకరగా అతికించారు అన్నవన్నీ ఆ ఫోటోలతో ఒక్కొక్కటిగా సరిపోల్చాలి. ఇందులో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. అక్టోబరు మ్యాచ్ ఫోటోలో కనిపించిన గాటు, మధ్యలో రంగు వేయకపోతే, డిసెంబరు ఫోటోలోనూ ఉండి తీరాలి. ఒక ఫోటోతో కుదిరినంత మాత్రాన తృప్తి పడక, తేదీల వరుసలో మరికొన్ని వెతుకు.

ఆటగాడి కుటుంబం రాసిచ్చిన ఉత్తరానికి విలువ ఉంది, అయితే జ్ఞాపకం ఒక్కటే సాక్ష్యంగా చాలదు. హెల్మెట్ అసలైనదేనని ధ్రువపత్రం ఇచ్చే సంస్థ దేన్ని దేనితో పోల్చి ఆ నిర్ణయానికి వచ్చిందో రాతపూర్వకంగా అడుగు. న్యూయార్క్ జెయింట్స్ అనే మరో జట్టుకు సంబంధించిన హెల్మెట్లు ఆటలో వాడినవి కావంటూ కొందరు సేకర్తలు 2014లో న్యూజెర్సీలో దావా వేశారు. ప్రతివాదులు ఆరోపణలను ఖండించారు, 2018లో వ్యవహారం రాజీతో ముగిసింది. పత్రాలున్న వస్తువుల మీద కూడా వివాదాలు రాగలవని అది చూపింది.

తొలి కొనుగోలుకు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసురుతూ జట్టు దాడిని నడిపే ఆటగాడి, హెల్మెట్ జోలికి పోవద్దు. ముందు వరుసలో నిలబడే లైన్‌మన్ బంతి కదిలిన ప్రతిసారీ ఎదుటివారిని ఢీకొంటాడు కాబట్టి అతని హెల్మెట్ మీద ఆనవాళ్ళు ఎక్కువ, ధర తక్కువ. వాటితోనే నీ కన్ను కుదురుకుంటుంది.

ఇంటికి తెచ్చాక పాత ఇత్తడి బిందెను చింతపండుతో తోమినట్టు దాన్ని తోమవద్దని గట్టిగా చెబుతున్నాను. ఆ మట్టి, ఆ గీత, ఆ పరాయి రంగు పోతే నువ్వు కొన్నది పోయినట్టే. మెత్తని పొడి కుంచెతో దుమ్ము మాత్రం తీయి. రసాయన ద్రవాలు తగిలితే కొన్ని ప్లాస్టిక్‌లు చీలుతాయి, తోలుకు నూనె రాస్తే మరక నిలిచిపోతుంది. సరదాకి కూడా తలకు పెట్టుకోవద్దు, చెవుల దగ్గర డొప్పను విడదీసేటప్పుడే పాత ప్లాస్టిక్ పగులుతుంది. ఎండకూ, అటకకూ, గరాజుకూ దూరంగా, ఆమ్లం లేని ఫోమ్ దిమ్మ మీద కూర్చోబెట్టు. మాస్క్ పట్టుకుని వేలాడదీయవద్దు.

కొన్నరోజే లోపలా బయటా ఫోటోలు తీసి, రసీదుతో పాటు ఎవరి నుంచి ఎవరికి చేతులు మారిందో రాసిపెట్టు. ఇంటి బీమా ఇలాంటి వస్తువులకు ఎంతవరకు వర్తిస్తుందో కనుక్కుని, చాలకపోతే విడిగా తీసుకో. ఆ కాగితాల ప్రతి ఒకటి ఇంట్లో మరొకరి దగ్గర కూడా ఉంచు.

ఇట్లు,
పెదనాన్న