ఇంజిన్ కొనే ముందు టేపు పట్టుకో

చిరంజీవి అమ్మడికి,

బాబాయి ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. పడవలో పాత ఇంజిన్ తీసేసి చిన్న డీజిల్ పెడతానన్నావు, మంచిదే. కానీ ఉత్తరం నిండా హార్స్‌పవర్ గొడవే. 14 చాలుతుందా, 20 కావాలా, 30 అయితే ధీమాగా ఉంటుంది కదా అని మూడు చోట్ల అడిగావు. ఆ ఇంజిన్ మీద నీ చెయ్యి ఎక్కడెక్కడికి అందాలో మాత్రం ఒక్క ముక్క రాయలేదు.

నేనూ అలాగే మొదలుపెట్టాను. ఓసారి రేవులోకి వస్తుంటే గాలి పడిపోయింది. తెరచాపలు దించేసి ఇంజిన్ మీద వస్తున్నాను. ఇంజిన్‌ని చల్లబరిచి ఎగ్జాస్ట్‌లోంచి పోవాల్సిన నీళ్లు రావడం ఆగిపోయింది. సముద్రపు నీటి పంపులో నీళ్లని తోసే రబ్బరు చక్రం, అదే ఇంపెల్లర్, దాని రెక్కలు విరిగాయి. మామూలుగా పది నిమిషాల పని. కానీ ఆ పంపు మూత గోడవైపు ఉంది, సందులో రెండు వేళ్లు తప్ప దూరవు. లంగరు వేసి, అద్దంలో చూసుకుంటూ ఆ స్క్రూలు విప్పడానికి గంటన్నర పట్టింది. రెండు స్క్రూలు అడుగున పడిపోయాయి, ఇప్పటిదాకా దొరకలేదు.

అందుకే ముందు ఇంజిన్ గదిని కొలువు. కంపెనీలు కొలతల డ్రాయింగు ఇస్తాయి. దాని ప్రకారం అట్టముక్కలతో ఇంజిన్ బొమ్మ కట్టి లోపల పెట్టు. ఆయిల్ కొలిచే కడ్డీ, ఆయిల్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, గాలి తీసే స్క్రూ, బెల్టు, సముద్రపు నీటి పంపు, వీటన్నిటికీ చెయ్యి పోతుందా చూడు. ఎగ్జాస్ట్ ఎల్బోని, అంటే పొగ బయటికి పోయే వంపు గొట్టాన్ని, మరిచిపోకు. అది లోపల మసితో మూసుకుపోతుంది, ఉప్పునీరు దాన్ని తినేస్తుంది. ఎప్పుడో ఒకప్పుడు విప్పక తప్పదు.

ఇక నీ హార్స్‌పవర్ సంగతి. నీ పడవ నీళ్లని తోసుకుంటూ పోయేదే గాని, స్పీడుబోటులా నీటిమీదికి లేచి జారిపోయేది కాదు. నీటి మట్టం దగ్గర దాని పొడవు అడుగుల్లో తీసుకుని, వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే సుమారుగా దాని గరిష్ఠ వేగం నాట్లలో (గంటకి సముద్రపు మైళ్లలో) వస్తుంది. 25 అడుగులుంటే 6.7 నాట్లు. అక్కడికి చేరాక ఇంజిన్ ఎంత పెద్దదైనా పడవ వెనక అల పెరుగుతుందే తప్ప వేగం పెద్దగా పెరగదు. టన్నుకి 3 నుంచి 5 హార్స్‌పవర్ అనేది చాలాకాలంగా నడుస్తున్న లెక్క. టన్నులంటే అమ్మకం కాగితం మీద బరువు కాదు. నీళ్లు, డీజిల్, సామాను, మనుషులు అన్నీ ఎక్కాక ఉన్న బరువు. నీ పడవ నాలుగు టన్నులు తూగితే 14 నడుస్తుంది. ఎదురుగాలిలో, ఎదురు ప్రవాహంలో తరచూ రేవులోకి రావాల్సి వస్తే 20 తీసుకో. 30 మాత్రం వద్దు. పెద్ద ఇంజిన్‌ని లోడు లేకుండా నెమ్మదిగా తిప్పితే సరిగ్గా వేడెక్కదు, మసి పడుతుంది, సిలిండర్ గోడలు అద్దంలా నునుపెక్కి ఆయిల్ తాగడం మొదలెడుతుంది. లంగరు వేసి బ్యాటరీ చార్జింగ్ కోసం గంటలకొద్దీ ఊరికే తిప్పేవాళ్లకి ఈ జబ్బు ఎక్కువ.

ఒక్క సిలిండర్ ఇంజిన్లు తేలికగా ఉంటాయి. యాన్మార్ 1జీఎం10 లాంటిది 9 హార్స్‌పవర్. రెండు టన్నుల పడవకి హాయిగా సరిపోతుంది, కానీ దాని అదురుకి టీకప్పు బల్లమీద నిలవదు. నీకు రెండో మూడో సిలిండర్లు ఉన్నదే మేలు. బీటా, నాన్నీ కంపెనీల చిన్న పడవ ఇంజిన్లలో అసలు బ్లాకు కుబోటా కంపెనీది. కాబట్టి లోపలి పార్టులు దొరకడం కొంత తేలిక. హీట్ ఎక్స్చేంజర్ (ఉప్పునీటితో ఇంజిన్ నీళ్లని చల్లబరిచేది) లాంటి పడవ సామాను మాత్రం వాళ్ల దగ్గరే కొనాలి.

కూలింగ్ దగ్గర బేరం ఆడకు. సముద్రపు నీరే నేరుగా బ్లాకులో తిరిగే రకం చవక, సాదా. అయితే ఉప్పు పేరుకోకుండా దాన్ని 50-55 డిగ్రీల దగ్గరే ఉంచాలి. డీజిల్‌కి అది చల్లన. మంచినీళ్లు లోపల తిరుగుతూ, ఉప్పునీరు వాటిని బయటనుంచి చల్లబరిచే రకం 80 డిగ్రీల దగ్గర నడుస్తుంది, ఎక్కువకాలం మన్నుతుంది.

ప్రొపెల్లర్ ఉన్నదే వాడేస్తానన్నావు. తొందరపడకు. కొత్త గేర్‌బాక్స్ షాఫ్ట్‌ని ఎటు తిప్పుతుందో, ఎన్నింతలు నెమ్మదిస్తుందో చూశాకే చెప్పగలం. రెక్క అంచుకీ పడవ అడుక్కీ మధ్య ప్రొపెల్లర్ వ్యాసంలో 10 నుంచి 15 శాతం ఖాళీ ఉండాలి. అన్నీ బిగించాక నీళ్లలో పూర్తి థ్రాటిల్ ఇచ్చి చూడు. కంపెనీ చెప్పిన ఆర్‌పీఎం అందకపోతే, నల్లపొగ వస్తే, ముందు ప్రొపెల్లర్‌నే అనుమానించు. పిచ్, అంటే రెక్కల వాలు, ఎక్కువై ఉంటుంది.

సెకండ్‌హ్యాండ్ చూడ్డానికి వెళ్తే ముందే ఫోన్ చేసి స్టార్ట్ చెయ్యొద్దని చెప్పు. వెళ్లగానే బ్లాకు మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే నువ్వొచ్చేలోపు ఎవరో తిప్పారన్నమాట. చల్లగా ఉంటేనే ఇంజిన్ ఎంతసేపటికి అందుకుంటుందో తెలుస్తుంది. నీలిపొగ ఆగకపోతే ఆయిల్ కాలుతోందని, ఆయిల్ పాలలా ఉంటే అందులో నీళ్లు కలిశాయని అర్థం. అన్నట్టు, స్టార్ట్ కాని ఇంజిన్‌ని స్టార్టరుతో ఊరికే తిప్పుతూ ఉండకు. అలా తిప్పాల్సివస్తే సముద్రపు నీటి వాల్వు మూసెయ్యి. లేకపోతే నీళ్లు మఫ్లర్ నిండి వెనక్కి సిలిండర్లోకి వస్తాయి. ఇంజిన్ అందుకోగానే వాల్వు తెరవడం మరిచిపోయావో, నా ఇంపెల్లర్ కథ నీదీ అవుతుంది.

ఇప్పుడే ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకు. ఇంజిన్ కూర్చునే దిమ్మెల, అంటే బెడ్‌ల, మధ్య దూరం, షాఫ్ట్ మందం, బెడ్ నుంచి షాఫ్ట్ ఎంత ఎత్తులో ఉందో కొలిచి పంపు. మిల్లీమీటర్లలో రాయి. కిందటిసారి అంగుళాల్లో రాసి నా బుర్ర తిన్నావు.

మీ బాబాయి