మెదడు కణితుల పరిశోధనకు మెడిసినే చదవాలా?

ప్రశ్న: మా అమ్మాయి పన్నెండో తరగతి. బ్యాక్టీరియా విషాలతో మెదడు కణితులకు చికిత్స చేసే ప్రయత్నాల గురించి చదివినప్పటి నుంచి ఆ పరిశోధనే చేస్తానంటోంది. లెక్కలు, ఫిజిక్స్ అంటే ప్రాణం. బయాలజీ అంతంతమాత్రం. మెడిసిన్ లేకుండా కుదురుతుందా? - ఒక తండ్రి

జవాబు: కుదురుతుందండీ. ఆ లెక్కలు, ఫిజిక్స్ అవసరం ఇక్కడ చాలా ఉంది.

డిఫ్తీరియా విషం కణంలో ప్రొటీన్ల తయారీని ఆపేస్తుంది. అందులోని చురుకైన ముక్క ఒక్క అణువు లోపలికి చేరినా కణం బతకదని 1978లోనే తేలింది. కణితి కణాలు ఎక్కువగా పట్టుకునే ట్రాన్స్‌ఫెరిన్‌ను (రక్తంలో ఇనుమును మోసే ప్రొటీన్) ఆ విషానికి తగిలించి రోగులకు ఇచ్చారు. రక్తంలోకి ఎక్కిస్తే మెదడుకు పెద్దగా చేరదు కాబట్టి, సన్నటి గొట్టాలతో (క్యాథెటర్లతో) నేరుగా కణితిలోకే మెల్లగా పంపారు. ఫలితం అంచనా వేయగలిగిన 15 మందిలో 9 మందికి కణితి సగమో అంతకన్నా ఎక్కువో తగ్గిందని 1997లో ప్రకటించారు.

ఆశ పెరిగింది. తర్వాత మరో బ్యాక్టీరియా విషానికి ఇంటర్‌ల్యూకిన్-13 అనే రోగనిరోధక వ్యవస్థ సంకేత ప్రొటీన్‌ను జోడించి, వేగంగా పెరిగే మెదడు క్యాన్సర్ అయిన గ్లియోబ్లాస్టోమా ఉన్న 296 మంది రోగులతో పెద్ద పరీక్ష చేశారు. సర్జరీలో పెట్టే మందు బిళ్లలతో పోల్చి చూస్తే, మధ్యస్థ జీవితకాలం ఈ కొత్త మందు తీసుకున్నవారిలో 36.4 వారాలు, బిళ్లలు పెట్టినవారిలో 35.3 వారాలు. తేడా లేనట్టే. మందు మెదడులో అనుకున్నంత మేర వ్యాపించకపోవడం ఇందుకు ఒక కారణం కావచ్చని తర్వాతి విశ్లేషణలు చెప్పాయి.

మీ అమ్మాయికి పని ఉన్నది సరిగ్గా అక్కడే. మెత్తటి కణజాలంలో ద్రవం ఎటు పారుతుంది? క్యాథెటర్ వెంబడి వెనక్కి ఎందుకు తన్నుకొస్తుంది? ఎమ్మారైలో దాన్ని ఎలా చూడాలి? ఇవి బయోమెడికల్ ఇంజనీరింగ్, ఫిజిక్స్, అప్లైడ్ మ్యాథ్స్ వాళ్ల ప్రశ్నలు. విషాన్నే మార్చి మెరుగుపరచాలనుకుంటే బయోకెమిస్ట్రీ, ప్రొటీన్ ఇంజనీరింగ్ వైపు వెళ్లాలి. తన చేత్తో క్యాథెటర్ పెట్టాలని ఉంటే మాత్రం న్యూరోసర్జరీ తప్ప దారి లేదు, దానికి మెడిసినే చదవాలి.

ఒక్కటి కచ్చితంగా చెబుతున్నాను: ఏ దారిలో వెళ్లినా కణజీవశాస్త్రం తప్పించుకోలేదు. బయాలజీని వదిలేయనివ్వకండి. పీహెచ్‌డీ దాకా చదవాల్సిన రంగమిది, త్వరగా సంపాదన మొదలవదు. ఇంట్లో ఆ మాట ముందే మాట్లాడుకోండి.

డిగ్రీ ఎంచుకునే ముందు, తనను ఈ ఒక్క ప్రశ్న అడగండి: కణితిని చంపే మందు తయారుచేయాలనుందా, దాన్ని కణితి అంచుల దాకా చేర్చాలనుందా?